బాబు రిపోర్టులో 'హెచ్. పైలోరీ పాజిటివ్': కిట్ మొదలుపెట్టాలా?

ఖమ్మం జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ల బాబుకి 9 ఏళ్లు, నాలుగో తరగతి, బరువు 27 కిలోలు. బాగా ఆడతాడు, తిండికి పేచీ లేదు. కాకపోతే మూడు నెలలుగా వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. పది గంటలకల్లా అదే తగ్గిపోతుంది, ఆదివారాలు దాదాపు రాదు. బడిలో మరుగుదొడ్డికి వెళ్లడు, మూడు రోజులకోసారి గట్టిగా విరేచనం అవుతుంది. కాలనీలో ఒక ల్యాబ్ వాళ్లు పెట్టిన రక్తపరీక్షల ప్యాకేజీ చేయిస్తే అందులో 'హెచ్. పైలోరీ ఐజీజీ పాజిటివ్' అని వచ్చింది. హిమోగ్లోబిన్ 11.9. దగ్గర్లోని డాక్టరు ఆ బ్యాక్టీరియాని చంపే 14 రోజుల మందుల కిట్ రాశారు. కొన్నారు గానీ ఇంకా మొదలుపెట్టలేదు.

ఉత్తరంలో సగం ఇంటి గొడవే. ఈవిడ మావగారు 58వ ఏట కడుపు క్యాన్సర్‌తో పోయారు. అందుకని ఈ బ్యాక్టీరియా క్యాన్సర్ కారకమని చదివిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "మా అమ్మ నమిలి పెట్టబట్టే వాడికి అంటుకుంది" అని భర్త అనడంతో అత్తగారు మనసు కష్టపెట్టుకుని కూతురింటికి వెళ్లిపోయారు. పది రోజులుగా బాబుకి వేరే కంచం, వేరే గ్లాసు. 14 నెలల పాప కూడా ఉంది. భర్తకి 41 ఏళ్లు, ఆరేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారట. ఆ సంగతి ఉత్తరం చివర్లో, మాటవరసకి రాశారు. ఆవిడ అడిగినవి ఇవి: కిట్ మొదలుపెట్టాలా? పాపకీ పరీక్ష చేయించాలా? ఇంటిల్లిపాదీ మందు మింగాలా? బడిలో చెప్పాలా? శుభ్రంగా ఉన్న పిల్లాడికి అసలు ఈ పురుగు ఎలా వచ్చింది?

అమ్మా, మీ ఆఖరి ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. దానికి జవాబు తెలిస్తే మిగతా వాటిలో సగం భయం పోతుంది.

హెలికోబ్యాక్టర్ పైలోరీ అనేది మనిషి కడుపు లోపలి జిగురు పొరలో కాపురం ఉండే బ్యాక్టీరియా. ప్రపంచంలో పిల్లలందరినీ లెక్కలోకి తీసుకుంటే సుమారు మూడో వంతు మందిలో అది ఉంటుందని అంచనా. మన దేశంలో ఇంకా ఎక్కువ. ముంబైలో 1990ల్లో రక్తంలోని యాంటీబాడీలు (బ్యాక్టీరియాని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునేవి) చూసి చేసిన ఒక పరిశీలనలో 4 ఏళ్ల లోపు వాళ్లలో 22 శాతం, 5 నుంచి 9 ఏళ్ల వాళ్లలో 56 శాతం, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 87 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. అంతకు ముందు, 1991లో అచ్చయిన ఒక అధ్యయనం హైదరాబాదులోని పేద కుటుంబాల్లో జరిగింది. అక్కడ 20 ఏళ్లు వచ్చేసరికే 80 శాతానికి పైగా మందిలో ఈ బ్యాక్టీరియా ఆనవాళ్లు కనిపించాయి. ఇవి పాత లెక్కలు. మంచినీళ్లు, మరుగుదొడ్లు మెరుగుపడి, ఇళ్లలో ఇరుకు తగ్గినచోట ఈ సంఖ్య ప్రతి దేశంలోనూ తగ్గుతూ వచ్చింది. ఉత్తర ఐరోపా దేశాలు కొన్నింటిలో ఇప్పుడు పిల్లల్లో పది శాతం కూడా ఉండదు. అయినా మన ఊళ్లలో ఒక నాలుగో తరగతి గదిలోకి వెళ్లి అందరికీ పరీక్ష చేస్తే మీ బాబు ఒక్కడే తేలడు. పక్క బెంచీ వాడికీ ఉండొచ్చు, పరుగుపందెంలో మొదటొచ్చిన వాడికీ ఉండొచ్చు. వాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు.

అంటే అది పూర్తిగా అమాయకమైనదని కాదు. ఉన్న ప్రతివాళ్లలోనూ కడుపు పొరకి కాస్త వాపు ఉంటుంది, పిల్లల్లో కూడా. కానీ పిల్లల్లో ఆ వాపు పుండుగా మారడం అరుదు. పెద్దయ్యాక, జీవితకాలం మొత్తం మీద, ఇది ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి అల్సర్ వస్తుంది. కడుపు క్యాన్సర్ నూటికి ఒకరి నుంచి ముగ్గురికి అని చెబుతారు. మన దేశంలో బ్యాక్టీరియా ఇంత విస్తారంగా ఉన్నా కడుపు క్యాన్సర్ మాత్రం జపాన్, చైనాల కంటే బాగా తక్కువ. ఎందుకన్నది పరిశోధకులకి ఇంకా చిక్కుముడే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టిన మాట నిజం. ఆ వర్గీకరణ 'ఇది కారణం కాగలదా' అన్నదానికి జవాబు, 'మీవాడికి వస్తుందా' అన్నదానికి కాదు. వాపు, తర్వాత పొర పలచబడటం, తర్వాత కణాల తీరు మారడం, ఇలా ఆ దారిలో ఒక్కో మెట్టుకీ ఏళ్లు పడుతుంది, మొత్తం దశాబ్దాల వ్యవహారం. బాబు 20, 25 ఏళ్ల వాడయ్యాక పరీక్ష చేయించుకుని మందు వాడినా, పొర పలచబడక ముందే వాడినట్టవుతుంది. ఈ నెలలో కిట్ వేయకపోతే ఏదో మించిపోతుందన్న తొందర అక్కర్లేదు.

ఇక ఆ రిపోర్టు. ఐజీజీ పరీక్ష చూసేది బ్యాక్టీరియాని కాదు, దానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీని. చిన్నపిల్లల్లో కొన్నిసార్లు బ్యాక్టీరియా వచ్చి దానంతటదే పోతుంది. యాంటీబాడీలు మాత్రం ఆ తర్వాత కూడా నెలలు, కొన్నిసార్లు ఏళ్లు మిగులుతాయి. ఇంకో పక్క, బ్యాక్టీరియా ఉన్న పిల్లల్లోనే యాంటీబాడీ తగినంత లేక నెగటివ్ రావడమూ ఉంది. అందుకే ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల ఉదరకోశ వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఒక మాట సూటిగా చెప్పాయి: పిల్లల్లో ఈ వ్యాధి నిర్ధారణకి రక్తం, మూత్రం, లాలాజలం ఆధారంగా చేసే యాంటీబాడీ పరీక్షలు వాడొద్దని. ప్యాకేజీలో మాత్రం అది ఉంటుంది, ఎందుకంటే తీసిన రక్తంలోనే ఇంకో గడి నింపడం ల్యాబ్‌కి సులువు.

అవే మార్గదర్శకాలు రెండో మాట కూడా చెప్పాయి. పెద్దవాళ్లలో చేసినట్టు 'పరీక్ష చెయ్యి, ఉంటే మందివ్వు' అనే పద్ధతి పిల్లల్లో పనికిరాదు. పిల్లాడికి నొప్పి ఎందుకు వస్తోందో వెతకాలి గానీ, బ్యాక్టీరియా ఉందా లేదా అని వెతకడం పని కాదు. బొడ్డు చుట్టూ వచ్చిపోయే నొప్పికీ ఈ బ్యాక్టీరియాకీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. ఉన్న పిల్లల్లో ఎంతమందికి అలాంటి నొప్పి వస్తుందో లేని పిల్లల్లోనూ దాదాపు అంతమందికే వస్తుంది.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

కిట్ మొదలుపెట్టడం ఒకటి. మీ డాక్టరు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. అయితే బజారులో దొరికే ఈ కిట్లు పెద్దవాళ్ల మోతాదులో తయారైనవి. ఒక్కో అరలో కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర, రెండు రకాల యాంటీబయాటిక్‌లు ఉంటాయి. 27 కిలోల పిల్లాడికి ప్రతి మందూ బరువుని బట్టి విడిగా లెక్కగట్టి ఇవ్వాలి, అర తెరిచి ఉన్నది ఉన్నట్టు వేయకూడదు. మోతాదు సరిచేసినా ఇంకో చిక్కుంది. మన దేశంలో ఈ బ్యాక్టీరియా మందులకి బాగా మొండికేసింది. వేర్వేరు నగరాల్లో సేకరించిన బ్యాక్టీరియా నమూనాలతో 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో నాలుగింట మూడు వంతులకు పైగా నమూనాలు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌కి లొంగలేదు, క్లారిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి లొంగనివీ తక్కువేం కాదు. పిల్లల చికిత్స 90 శాతం మందిలో నయం కావాలన్నది లక్ష్యం. ఏ మందుకి లొంగుతుందో తెలియకుండా వేస్తే అక్కడికి చేరడం కష్టం. పైగా 14 రోజులకి రోజుకి రెండు పూటలు, మొత్తం 28 పూటలు. అందులో మూడు పూటలు తప్పినా వేసిన మందు 90 శాతం లోపుకి పడిపోతుంది. నోరు చేదెక్కడం, వికారం, విరేచనాలు వస్తాయి కనుక ఆరో రోజుకో ఏడో రోజుకో పిల్లలు మొరాయిస్తారు, ఇంట్లోవాళ్లు 'పోనీలే' అంటారు. అలా సగంలో ఆగితే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడుతుంది. రేపు నిజంగా అవసరమైన రోజున వాడటానికి ఒక మందు తగ్గిపోతుంది. పిల్లలకి వాడదగ్గ మందులు అసలే కొద్ది. పోనీ అంతా సవ్యంగా జరిగి నయమైనా, ఇంట్లో, చుట్టుపక్కల అది ఉన్నంతకాలం మళ్లీ సోకే అవకాశం ఉంటుంది.

మలపరీక్షతో నిర్ధారించుకోవడం రెండోది. మలంలో బ్యాక్టీరియా యాంటిజెన్‌ని, అంటే దాని ఒంటి తునకల్ని, వెతికే ఈ పరీక్ష ఏ వయసు పిల్లలకైనా పనికొస్తుంది, సూది లేదు. దానికి ముందు 4 వారాల పాటు ఏ యాంటీబయాటిక్, 2 వారాల పాటు ఆమ్లం తగ్గించే మాత్ర వాడి ఉండకూడదు. వాడితే బ్యాక్టీరియా సంఖ్య తగ్గి, ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఊపిరి పరీక్ష కూడా ఉంది. ఈ బ్యాక్టీరియా యూరియాని అమోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. కడుపులోని ఆమ్లం మధ్య అది బతికేది ఆ అమోనియా అడ్డుపెట్టుకునే. పరగడుపున గుర్తుపెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగించి, అరగంట తర్వాత ఊపిరిలో ఆ కార్బన్ వస్తోందా అని చూస్తారు. పిల్లలకైతే కార్బన్ 13 రకమే చేయించాలి. కార్బన్ 14 రకంలో స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది, చాలా ఊళ్లలో దొరికేది అదే కనుక ముందే అడగండి. కానీ ఒక్కమాట ఆలోచించండి. మలపరీక్ష పాజిటివ్ వచ్చిందనుకుందాం. అప్పుడు మీకు తెలిసేది, దేశంలో బోలెడుమంది పిల్లల్లో ఉన్నది మీవాడిలోనూ ఉందని. నొప్పికి కారణం అప్పటికీ తెలియదు. వాడిలో వేరే ప్రమాద సూచనలు లేకపోతే మందిచ్చే కారణమూ కొత్తగా పుట్టదు. నా సలహా అయితే ఈ డబ్బు మిగుల్చుకోమనే. భయం తీరక నిద్ర పట్టడం లేదనుకుంటే చేయించుకోండి, హాని లేదు. కానీ పాజిటివ్ వస్తే ఆ భయం ఇంకా పెరుగుతుందని ముందే తెలిసి చేయించుకోండి.

మూడో దారి, రిపోర్టు పక్కన పెట్టి నొప్పి సంగతి చూడటం. మీరు రాసినదాన్ని బట్టి నాకు ఎక్కువ అనుమానం మలబద్ధకం మీద. పొద్దున్నే నొప్పి, బొడ్డు చుట్టూ, మూడు రోజులకోసారి గట్టిగా, బడిలో బిగపట్టుకోవడం: అన్నీ అటే చూపిస్తున్నాయి. బడి రోజుల్లోనే రావడంలో బెంగ కూడా కొంత ఉండొచ్చు. అలాగని వాడు నటిస్తున్నాడని అనుకోకండి, ఆ నొప్పి నిజమైనదే. పేగుకి తిన్న తర్వాత కదలిక పుంజుకునే గుణం ఉంది. పొద్దున టిఫిన్ పెట్టాక పావుగంటకి, బస్సు హడావుడి లేకుండా, 5 నుంచి 10 నిమిషాలు దొడ్లో కూర్చోబెట్టండి. వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద పీట వేయండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడానికి ఊతం దొరకదు. అందుకోసం ఇంట్లో అరగంట ముందు లేవాలి, తప్పదు. పీచు రోజుకి వయసుకి ఐదు కలిపినన్ని గ్రాములు, అంటే వాడికి 14 గ్రాములు. జామకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు, తోటకూర, జొన్నరొట్టె వంటివి రోజూ ఏదో ఒక పూట ఉంటే అక్కడికి చేరతాడు. పాలు లీటరు దాకా తాగే అలవాటుంటే అర లీటరుకి తగ్గించండి. అయితే లోపల ఇప్పటికే గట్టిపడి పేరుకుని ఉంటే పీచు ఒక్కటే పెంచడం వల్ల నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూస్తే అది తెలిసిపోతుంది. అప్పుడు ముందు మలాన్ని మెత్తబరిచే పొడి మందు బరువుని బట్టి ఇచ్చి ఖాళీ చేయించి, ఆపైన తిండి సంగతి చూస్తారు. ఆ పొడిని నాలుగు రోజులకే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. సాగిపోయిన పేగు మళ్లీ బిగుసుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

వచ్చే రెండు వారాలు ఒక కాగితం మీద రాసిపెట్టండి: నొప్పి ఏ వేళకి, ఎంతసేపు, ఆరోజు విరేచనం అయిందా, గట్టిగానా మెత్తగానా, బడి ఉందా లేదా. డాక్టరుకి ఆ కాగితం మీ దగ్గరున్న రిపోర్టుల కట్ట కన్నా ఎక్కువ ఉపయోగం. నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, బడిలో ఇచ్చినప్పుడు నమిలి మింగాడో లేదో కూడా అడగండి. చాలామంది పిల్లలు బుగ్గన పెట్టుకుని బయట ఊసేస్తారు.

ఈ మూడో దారి ఎప్పుడు మూసుకుపోతుందో కూడా చెప్పాలి. నొప్పి రాత్రి నిద్రలోంచి లేపితే, బొడ్డుకి దూరంగా ఒకేచోట నిలిస్తే, వాంతుల్లో రక్తమో ఆకుపచ్చ పసరో కనిపిస్తే, మలం తారులా నల్లగా వస్తే (ఐరన్ మాత్రలు వేసుకుంటున్నప్పుడు నల్లబడటం వేరు), బరువు తగ్గితే, ఎదుగుదల ఆగితే, మింగడం కష్టమైతే ఆలస్యం చేయకుండా పిల్లల ఉదరకోశ నిపుణుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు అవసరమనుకుంటే మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేస్తారు, అంటే నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి కడుపు లోపల చూస్తారు. చేసేటప్పుడు కడుపులో వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఆరు చిన్న ముక్కలు తీయాలి. కొన్ని సూక్ష్మదర్శిని కింద చూడటానికి, ఒకటి వెంటనే రంగు మారే పరీక్షకి, మిగతావి ఏ మందుకి లొంగుతుందో చూడటానికి. పుండు కనిపించి, బ్యాక్టీరియా కూడా తేలితే అప్పుడు చికిత్స గురించి రెండో మాట లేదు, చేసి తీరాలి. రక్తహీనత ఇంకో సందర్భం. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. మీవాడిది 11.9, ఫరవాలేదు. ఎప్పుడైనా అది తగ్గి, ఐరన్ సరిగ్గా వాడినా పెరగక, ఇతర కారణాలన్నీ చూసినా దొరక్కపోతే అప్పుడు ఈ బ్యాక్టీరియా గురించి ఆలోచించడం సబబు.

కొన్న కిట్‌ని తెరవకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. "ఇది యాంటీబాడీ రిపోర్టు కదండీ, వాడికి మలబద్ధకం ఉంది, ముందు అది చూసి ఆపైన ఆలోచిద్దామా?" అని అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పిల్లల డాక్టరు ఇంకొకరి మాట కూడా తీసుకోండి. ఆ కిట్ మాత్రం అల్మరాలో దాచి, రేపు జ్వరం వచ్చినప్పుడు అందులోంచి ఒక మాత్ర తీసి వేయడం లాంటిది చేయొద్దు.

మీ అత్తగారి సంగతికి వద్దాం. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఇంట్లోనే, మొదటి ఐదేళ్లలోనే చేరుతుంది. నోటి తడి, వాంతి, మలం ద్వారా పాకుతుందని అనుకుంటున్నారు. నీళ్ల పాత్ర కూడా ఉంది, హైదరాబాదులో చేసిన ఒక పరిశీలనలో కుళాయి నీళ్లు తాగేవాళ్ల కన్నా బావినీళ్లు తాగేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. ఫలానా పిల్లాడికి ఫలానా వాళ్ల నుంచి వచ్చిందని మాత్రం ఇప్పుడు తేల్చలేం. పిల్లల్లోని బ్యాక్టీరియా రకం ఇంట్లో ఎవరితో ఎక్కువ సరిపోలుతుందని చూసినచోట, తరచుగా తేలింది తల్లి. మీరు బాధపడాలని ఇది చెప్పడం లేదు. నేరం ఎవరిదని మొదలుపెడితే వేలు ఎటైనా తిరగొచ్చని మీవారికి చెప్పడానికి పనికొస్తుందని చెబుతున్నాను. ఇన్నాళ్లూ కారం, పచ్చళ్లు తింటే అల్సర్ వస్తుందని ఊరంతా నమ్మింది, డాక్టర్లతో సహా. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ అనే ఇద్దరు ఈ బ్యాక్టీరియాని పట్టుకునేదాకా దీని ఊసే లేదు. మనవడికి గోరుముద్దలు పెట్టిన నాయనమ్మకి ఎలా తెలుస్తుంది?

మానాల్సింది ఒక్కటే: నమిలి పెట్టడం. పాపకి 14 నెలలే కనుక అది ఇప్పుడే మానాలి. మెత్తగా కావాలంటే చిన్న రోట్లో దంచండి, లేదా సబ్బుతో కడిగిన చేత్తో మెదపండి. నోట్లో పెట్టి వేడి చూసిన చెంచాతోనే పెట్టడం, కిందపడిన పాలపీకని తను నోట్లో పెట్టుకుని మళ్లీ పాపకి ఇవ్వడం కూడా అదే కోవలోవి. కడిగిన చేత్తో ముద్దలు కలిపి పెట్టడంలో తప్పేమీ లేదు, నిక్షేపంగా పెట్టనివ్వండి. బాబుకి వేరే కంచం అక్కర్లేదు. సబ్బుతో తోమి కడిగిన కంచంతో ఇది అంటుకోదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ కంచం చెప్పే మాట మాత్రం మందు కన్నా చేదు. దొడ్లోంచి వచ్చాక, వంటకీ తిండికీ ముందు సబ్బు, కాచిన నీళ్లో ఫిల్టరు నీళ్లో, ఎవరైనా వాంతి చేసుకుంటే వెంటనే తుడిచి చేతులు కడుక్కోవడం, ఇంతవరకు చాలు. పాపకి పరీక్ష వద్దు. బడిలో చెప్పాల్సిన పని లేదు, దీనికోసం ఏ పిల్లాణ్ణీ బడి మాన్పించనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కలిసి కిట్ మింగడం కూడా వద్దు.

అయితే మీ ఇంట్లో పరీక్ష చేయించుకోవాల్సిన మనిషి ఒకరున్నారు, మీవారు. సొంత తండ్రికి కడుపు క్యాన్సర్, వయసు 41, ఆరేళ్లుగా రోజూ ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్ర. పిల్లాడి విషయంలో మీరు భయపడుతున్న లెక్కలన్నీ నిజానికి ఆయనకి వర్తించేవి. ఆ మాత్ర బాధని కప్పేస్తుంది, పరీక్షలో బ్యాక్టీరియాని కూడా దాచేస్తుంది. డాక్టరుకి చెప్పి 2 వారాలు మాత్ర ఆపి, మధ్యలో మంట వస్తే ద్రవరూపంలోని యాంటాసిడ్‌తో సర్దుకుని, ఉదరకోశ నిపుణుల్ని కలవమనండి. తండ్రి చరిత్ర చెబితే బహుశా ఎండోస్కోపీయే చేద్దామంటారు. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ముద్ద దిగకపోయినా రెండు వారాలు కూడా ఆగొద్దు. బ్యాక్టీరియా తేలితే ఆయన కోర్సు మొత్తం పూటైనా తప్పకుండా పూర్తిచేయాలి. అయిపోయాక కనీసం 4 వారాలు ఆగి, గ్యాస్ మాత్ర ఆపిన రెండు వారాల తర్వాత, పోయిందో లేదో మలపరీక్షతోనో ఊపిరి పరీక్షతోనో చూపించుకోవాలి. ఐజీజీ రక్తపరీక్షతో మాత్రం కాదు. బ్యాక్టీరియా పోయినా అది నెలల తరబడి పాజిటివ్ అనే చూపిస్తుంది, మీ ఇంట్లో మళ్లీ ఇదే గొడవ మొదలవుతుంది.